లైబ్రేరియన్‌కి కంప్యూటర్లు అప్పజెబితే తెలుగులో ఏమనాలి?

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో లైబ్రేరియన్‌ని. ఈ జూన్ నుంచి కంప్యూటర్ ల్యాబు, డిజిటల్ బోర్డులు, పిల్లల ట్యాబులు కూడా నాకే అప్పజెప్పారు. వాటిని వాడడం తోటి టీచర్లకు నేర్పాల్సిందీ నేనే. ఆర్డర్లో 'టెక్నాలజీ లీడర్' అని ఉంది. గది బయట బోర్డు మాత్రం తెలుగులోనే ఉండాలని హెడ్మాస్టరు గారి పట్టు. 'గ్రంథపాలకురాలు, సాంకేతిక నాయకురాలు' అని రాసి చూసుకున్నాను. నాయకురాలు అనగానే స్టాఫ్ రూంలో పల్నాటి నాగమ్మ, కోడిపందేల జోకులు మొదలయ్యాయి. ఇంకేదైనా మంచి మాట చెప్పండి, టెన్షన్‌గా ఉంది!

— అమ్మా, నాయకురాలి సంగతి తర్వాత చూద్దాం. మొదటి మాటను మాత్రం వదులుకోకండి. పాలకుడంటే ఇవాళ మనకు ఏలేవాడే గుర్తొస్తాడు గానీ, సంస్కృతంలో 'పాల్' ధాతువుకు అర్థం రక్షించడం. ద్వారపాలకుడు ద్వారాన్ని ఏలడు, కాపలా కాస్తాడు. 'గ్రంథం' అయితే ఇంకా అందమైన మాట. గుచ్చి కట్టడం అనే అర్థం దాని మూలంలోనే ఉంది. గ్రంథి అంటే ముడి కదా. తాటాకులకు చిల్లు పెట్టి, తాడు గుచ్చి కట్టేవారు. పైగా 32 అక్షరాలు ఒక 'గ్రంథం' అని లెక్క. రచన ఎంత పెద్దదో ఆ లెక్కలోనే చెప్పేవారు, ఇప్పుడు మీరు ఫైలు ఎన్ని ఎంబీలో చూసుకున్నట్టు.

అన్నట్టు, పెయింటరు 'గ్రంధ' అని రాయకుండా చూసుకోండి. ఊళ్లో సగం బోర్డుల మీద ఆ ధ-యే ఉంటుంది.

— మాస్టారూ, వ్యుత్పత్తి బాగుంది. కానీ ధాతువు చూసుకుని తలుపు తట్టేవాళ్లు ఎవరండీ? పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. పుస్తకాలు పడవెక్కాయని ఆయన్ని 'నౌకా నాయకుడు' అనలేదుగా! చేసే పనేదో చెబితే చాలు. పైగా మన బళ్లలో ఏ పని అప్పజెప్పినా 'ఇన్‌ఛార్జి' అనే అంటాం. అది తెలుగు కాదని ఇప్పుడెవరూ అనుకోవడం లేదు. అక్కా, 'గ్రంథాలయం, కంప్యూటర్ల ఇన్‌ఛార్జి' అని పెట్టేయండి.

— ఇన్‌ఛార్జి తెలుగు ఎప్పుడయిందో నాకు తెలీదు బాబూ. అయినా 'సాంకేతిక నాయకురాలు' కన్నా నయమే, ఒప్పుకుంటున్నాను.

— మాస్టారికి, తమ్ముడికి ధన్యవాదాలు. హెడ్మాస్టరు గారు ఇన్‌ఛార్జికి సరేనన్నారు. థ-ని కాగితం మీద అరచేయంత రాసిచ్చాను, పెయింటరు తప్పు లేకుండా రాశాడు. ఆరో తరగతి పిల్లలు మాత్రం బోర్డు చదివి, చచ్చిపోయిన ట్యాబులు పట్టుకుని వరస కట్టారు. నా పేరు ఇప్పుడు 'ఛార్జింగ్ మేడం'.