అప్‌డేట్: నవంబరు 11న పోజ్నాన్ వెళ్లి వచ్చాము

పోలండ్ స్వాతంత్ర్య దినోత్సవం నాడు పోజ్నాన్ వెళితే శాకాహారులకు ఏమైనా దొరుకుతుందా, సెలవు రోజున దుకాణాలు తెరుస్తారా అని ఇంతకుముందు అడిగాను. 1918లో దేశం తిరిగి స్వతంత్రమైన ఆ తేదీయే సెయింట్ మార్టిన్ పండుగ కూడా కావడం వల్ల, ఆయన పేరిట ఉన్న ష్వియెంతి మార్చిన్ వీధిలో గుర్రంపై వచ్చే మార్టిన్ వేషధారి ఊరేగింపు, దాని చుట్టూ తినుబండారాల సందడి కనువిందు చేశాయి. సూపర్‌మార్కెట్లు మాత్రం మూసే ఉన్నాయి. సరుకులు ముందురోజే కొనుక్కోవాలి.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది రోగల్. గుర్రపు లాడం ఆకారంలో, ఒక్కొక్కటి 150 నుంచి 250 గ్రాముల బరువుండే ఈ మిఠాయి రొట్టెలో తెల్ల గసగసాలు, గింజపప్పులు, ఎండుద్రాక్ష, నారింజ తొక్క కూరుతారు. మనం కుర్మాలో నూరి వేసే తెల్ల గసగసాలే అక్కడ తీపి పూర్ణమయ్యాయి, ఆ రుచి నాకెంతో నచ్చింది! 2008 నుంచి దీనికి ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు ఉంది కనుక, ధ్రువపత్రం ఉన్న బేకరీలోనే కొనడం మేలని నా అభిప్రాయం. అయితే ఇందులో గుడ్డు ఉంటుంది. గుడ్డు తిననివారికి, ఉల్లికాడలు కలిపిన, పనీర్ లాంటి తాజా చీజ్‌తో వడ్డించే ఉడికించిన బంగాళాదుంపలు కడుపు నింపుతాయి.