సీటు కింది అర: పక్క పలక కోసి సొరుగు పెట్టాలా, పై మూతే ఉంచాలా?

చిన్నబండి
మాది 16 అడుగుల ట్రావెల్ ట్రైలర్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లు లాంటి బండి. టేబుల్‌కు అటొకటి ఇటొకటి బెంచీ సీట్లు, వాటి కింద పెద్ద అరలు. చోటు బాగానే ఉంది, తీసుకోవడమే నరకం. కూర్చున్నవాళ్లను లేపాలి, కుషన్ తీసి ఎక్కడో పడేయాలి, ప్లైవుడ్ మూతను ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో వెతకాలి. నిన్న రాత్రి టార్చి కోసం ఈ తంతంతా చీకట్లో చేశాను. టార్చి ఉన్నదేమో ఆ అర అడుగున! పలక కోసి సొరుగులు పెడదామంటే మా ఆవిడ "ఉన్న బండిని పాడు చేస్తావు" అంటోంది. మీరేమంటారు?

ఉలి_సుత్తి
కోయండి. నేను మూడేళ్ల కిందట కోశాను, ఇప్పటికీ ఆ పని చేసినందుకు సంతోషమే. అయితే ఏ పలక అన్నది ముఖ్యం. పిక్కలు తగిలే వైపు కోస్తే ప్రతిసారీ టేబుల్ కిందికి దూరాలి. నడిచే దారి వైపున్న చివరి పలక కోయండి. నిలబడే తీసుకోవచ్చు, ఎవరినీ లేపనక్కర్లేదు.

పాతపెట్టె
నేను వద్దంటాను. సొరుగు ఎంత చోటు తింటుందో లెక్క వేశారా? 50 సెంటీమీటర్ల వెడల్పు తీసుకోండి. ఛానల్‌కు, అంటే సొరుగు జారే పట్టాలకు, రెండు వైపులా సుమారు 13 మిల్లీమీటర్ల చొప్పున పోతుంది, సొరుగు గోడలు 12 మిల్లీమీటర్ల ప్లై అనుకుంటే అవీ కలిపి అయిదు సెంటీమీటర్లు గల్లంతు. పైనా కిందా ఖాళీ వేరే వదలాలి. ఇంకా పెద్ద చిక్కు, చాలా బండ్లలో చక్రం మీది డొప్ప ఆ అరలోకే పొడుచుకొస్తుంది. సొరుగు చదరంగా ఉంటుంది, అర అలా ఉండదు. డొప్ప చుట్టూ ఉండే వంకరటింకర సందుల్లో నేను నీళ్ల పైపు చుట్ట, చక్రాల కింద పెట్టే చెక్కలు కుక్కుతాను. సొరుగు పెడితే ఆ సందులన్నీ వృథా.

మరో మాట. నడిచే దారి 60 సెంటీమీటర్లు ఉంటే గొప్ప. మీటరు పొడవు సొరుగును ఎక్కడికి లాగుతారు?

ఉలి_సుత్తి
మీటరు పొడవు ఎవరు పెట్టమన్నారండీ? దారి వైపు సగానికి సొరుగు, గోడ వైపు సగం పై మూతతో. రోజూ కావలసినవి సొరుగులో, నెలకోసారి కావలసినవి మూత కింద. ఆ లెక్క మాత్రం ఒప్పుకుంటాను, చోటు తగ్గుతుంది. కానీ చేతికందని చోటు ఉండి ఏం లాభం?

గడియ తప్పకుండా పెట్టండి. మొదటి ప్రయాణంలో నాకు గడియ లేదు. ఒక మలుపులో సొరుగు బయటికొచ్చి దారికి అడ్డంగా ఇరుక్కుంది. దిగి తలుపు తీస్తే లోపలికి అడుగు పెట్టే వీలు లేదు, కిటికీలోంచి చెయ్యి పెట్టి నెట్టాల్సి వచ్చింది. అయస్కాంతపు బిళ్లలు చాలవు, రోడ్డు కుదుపుకి ఊడతాయి. నొక్కితే గానీ విడవని గడియే కావాలి.

ఇరుసు
చోటు గురించే కొట్టుకుంటున్నారు, బరువు మాట ఎవరూ ఎత్తరేం? మామూలు ట్రావెల్ ట్రైలర్‌కు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు హిచ్ మీద, అంటే కారుకు తగిలించే కొక్కెం మీద, పడాలని చెబుతారు. 1,200 కిలోల బండికి 120 నుంచి 180 కిలోలు. సీట్లు ఇరుసుకు వెనక ఉండి, వాటి కింద పనిముట్ల పెట్టె, నీళ్ల డబ్బాలు నింపారనుకోండి, ముందు తేలికై వేగం పెరిగేసరికి బండి తోక ఊపడం మొదలుపెడుతుంది. లీటరు నీళ్లంటే కిలో. బరువైనవి ఇరుసు దగ్గర, అడుగున. ఇరుసు వెనక సీటు కింద దుప్పట్లు, బట్టలు. ముందు ఇది తేల్చుకోండి, సొరుగా మూతా అన్నది తర్వాత. చోటు ఉంది కదా అని నింపడమే అసలు జబ్బు.

తడిగోడ
దుప్పట్లు అన్నారు కాబట్టి చెబుతున్నా. చలికాలంలో నేను చేసిందీ అదే. నెల తర్వాత తీస్తే బయటి గోడకు ఆనిన మడత మీద నల్లటి బూజు, ముట్టుకుంటే తడి. వాన నీరు కారిందేమోనని పైకప్పంతా వెతికాను, ఎక్కడా చుక్క లేదు. మన ఊపిరిలోని తేమే గాలాడని అరలోకి చేరి చల్లటి గోడ మీద నీరవుతుంది. కుషన్ల అడుగు భాగానికీ ఇదే గతి. తర్వాత మూతకు వరసగా బెజ్జాలు వేశాను, అడుగున సన్న చెక్క పట్టీలు పరిచాను, గోడకూ సామానుకూ మధ్య రెండు వేళ్ల సందు వదిలాను. మళ్లీ బూజు రాలేదు. సొరుగైనా మూతైనా గాలి ఆడాలి.

పాతపెట్టె
కోసేముందు లోపల ఏముందో చూడండి. నీళ్ల ట్యాంకు, పంపు, బయటి కరెంటును బ్యాటరీకి సరిపడేలా మార్చే కన్వర్టర్ చాలా బండ్లలో సీటు కిందే ఉంటాయి. కన్వర్టర్ వేడెక్కుతుంది, దాని ఫ్యానుకు అడ్డంగా సంచులు కుక్కకూడదు. పంపు పాడైన రోజున దానికి చెయ్యి అందకపోతే మీ సొరుగు మీరే పీక్కోవాలి. పలక లోపలి అంచున చెక్క పట్టీ ఉంటే దాన్ని ముట్టుకోకండి. మనుషుల బరువు, రాత్రి ఆ సీట్లే మంచమైతే ఇద్దరి బరువూ మోసేది అదే. కోశాక చుట్టూ లోపల మరో చట్రం బిగించాలి.

చిన్నబండి
అదనపు బ్యాటరీ కూడా అక్కడే పెడదామనుకుంటున్నా, ఫర్వాలేదా?

ఇరుసు
నీళ్లు పోసే లెడ్ యాసిడ్ అయితే అలాగే పెట్టకండి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది. మూసిన పెట్టె, బయటికి గొట్టం ఉండాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే ఆ బెడద లేదు, పైగా సున్నా డిగ్రీల కంటే చల్లబడితే దాన్ని చార్జ్ చేయకూడదు కాబట్టి వెచ్చగా ఉండే లోపలే నయం. వంట గ్యాస్ సిలిండర్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ సీటు కింద వద్దు. గ్యాస్ గాలి కన్నా బరువు, కారితే అడుగునే పేరుకుంటుంది.

చిన్నబండి
ఇవాళ రెండు మూతలూ ఎత్తి టేపు పెట్టి కొలిచాను. ఎడమ సీటు కింద ట్యాంకు, పంపు. అది ముట్టుకోను. కుడి సీటు కింద చక్రం డొప్ప సగం చోటు తినేసింది. సొరుగు ఆలోచన మానేశాను. దారి వైపు పలకలో 35 బై 25 సెంటీమీటర్ల తలుపు కోసి, లోపల రెండు ప్లాస్టిక్ తొట్లు పెడతాను. పై మూత అలాగే ఉంటుంది. టార్చిని మాత్రం బండి తలుపు పక్కన మేకుకు తగిలించేశాను. అది చూసి మా ఆవిడ, "ఈ మేకేదో ముందే కొడితే సరిపోయేదిగా" అంది.

ఉలి_సుత్తి
మేకు కాదండీ, స్క్రూ బిగించండి. మేకు ఆ కుదుపుకి నాలుగు ప్రయాణాల్లో ఊడిపోతుంది.