కీబోర్డ్ ఆపేస్తే సీక్వెన్సర్‌లో (ట్రాకులు రికార్డ్ చేసే భాగంలో) పాట పోయింది, సౌండ్ మాత్రం ఉంది. ఎందుకు?

రాత్రిరాగం:
నిన్న రాత్రి మూడు గంటలు కూర్చుని నా వర్క్‌స్టేషన్ కీబోర్డ్‌లో ఆరు ట్రాకులు వేశాను. చరణానికి ముందు వచ్చే ఫ్లూట్ బిట్ ఒక్కదానికే గంట పట్టింది, బెండ్ (స్వరం జారడం) సరిగ్గా పడేదాకా మళ్లీ మళ్లీ రికార్డ్ చేస్తూనే ఉన్నాను. పొద్దున స్విచ్ వేసి చూస్తే పాట ఖాళీ. పోయిన వారం ఒక బ్రాస్ సౌండ్ మార్చి రైట్ (Write, అంటే సౌండ్‌ని దాచే బటన్) కొడితే అది ఇప్పటికీ అలాగే ఉంది, మరి పాట ఎలా పోయింది? తిరిగి తెచ్చుకునే దారేమైనా ఉందా?

పాతకీస్:
పోయింది తిరిగి రాదండి, బాధగానే ఉంటుంది కానీ వెతుకుతూ టైమ్ పోగొట్టుకోవద్దు. మీరు మోడల్ చెప్పలేదు గానీ లక్షణం చూస్తే విషయం తెలిసిపోతోంది. రైట్ కొట్టిన సౌండ్ కరెంటు తీసినా నిలిచే మెమరీలోకి వెళ్తుంది. పాట మాత్రం పని జరుగుతున్నంతసేపే ఉండే ర్యామ్‌లో ఉంటుంది, స్విచ్ ఆపగానే తుడిచిపెట్టుకుపోతుంది. కోర్గ్ ట్రైటన్, యమహా మోటిఫ్ ఈఎస్ కీబోర్డులు రెండూ ఇంతే. పాటను ఫ్లాపీకో కార్డుకో యూఎస్‌బీకో, మీ మెషీన్‌లో ఏది ఉంటే దానికి, ఫైల్‌గా సేవ్ చేయాల్సిందే. ట్రైటన్‌లో డిస్క్ మోడ్‌కి వెళ్లి సేవ్ ఆల్ ఎంచుకోండి. మోటిఫ్ ఈఎస్‌లో ఫైల్ మోడ్‌లో టైప్ ‘ఆల్’ పెట్టి సేవ్ చేయాలి.

బేస్‌లైన్:
సేవ్ ఆల్ అనే మాట గట్టిగా పట్టుకోండి. ట్రైటన్‌లో పాటలు ఎస్‌ఎన్‌జి ఫైల్లోకి వెళ్తాయి, సౌండ్లు పీసీజీలోకి, మీరు శాంపిల్ చేసినవి (బయటి శబ్దాలు రికార్డ్ చేసుకున్నవి) ఉంటే వాటి జాబితా కేఎస్‌సీలోకి. ఎస్‌ఎన్‌జి ఒక్కటే దాచుకుంటే చాలనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. పాటలో సౌండ్ ఉండదు, ‘రెండో ట్రాకుకి ఫలానా సౌండ్ బ్యాంకులో ఫలానా నంబరు’ అనే చిరునామా మాత్రమే ఉంటుంది. నేను ఆ నంబరు మీద వేరే సౌండ్ రాసేశాను, ఆర్నెల్ల తర్వాత పాట లోడ్ చేస్తే బేస్ ఉండాల్సిన చోట కోరస్ గొంతులు మోగాయి. నోట్స్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి, పాట మాత్రం నాది కాదు! అప్పటినుంచి ప్రతి పాటకీ పీసీజీ పక్కనే పెడుతున్నాను, రెండింటికీ ఒకే పేరు.

రాత్రిరాగం:
మరి మిడి ఫైల్‌గా (సౌండ్ కాకుండా వాయించిన నోట్స్ వివరాలు ఉండే ఫైల్) ఎగుమతి చేస్తే సరిపోదా? కంప్యూటర్‌లో కూడా తెరవొచ్చు కదా.

పాతకీస్:
నోట్స్ కోసం అయితే మంచిదే, ఫార్మాట్ 1 ఎంచుకోండి, ట్రాకులు విడివిడిగా వస్తాయి. ఫార్మాట్ 0లో అన్నీ ఒకే ట్రాకులో కలిసిపోతాయి. మీ బెండ్ కూడా మిడి ఫైల్లో వెళ్తుంది. కానీ మీరు మార్చుకున్న బ్రాస్ సౌండ్, ఎఫెక్టుల రూటింగ్ (ఏ సౌండ్ ఏ ఎఫెక్ట్‌కి వెళ్లాలనే అమరిక) రావు. అందుకని అసలు సేవ్‌కి బదులుగా కాదు, దానికి తోడుగా పెట్టుకోండి. ఇంకోటి, ఫ్లూట్ బిట్ లాంటిది కుదిరిన క్షణమే ఆగి సేవ్ చేయండి, కొత్త పేరుతో, పాతదాని మీద కాదు. పేరు ఎనిమిది అక్షరాలే పట్టే మెషీన్లు ఉన్నాయి కాబట్టి చివర 01, 02 అని అంకెలకి చోటు ఉంచుకోండి.

రాత్రిరాగం:
ఫ్లూట్ బిట్ మళ్లీ వాయించాను, ఈసారి కార్డులోకి అన్నీ సేవ్ చేసి, స్విచ్ ఆపి, మళ్లీ వేసి లోడ్ చేశాను. బెండ్‌తో సహా వచ్చింది. ఇద్దరికీ చాలా థాంక్స్ అండి.