దోమతెరలో గబ్బిలం: పాపకి కుక్కకాటు సూదులు వేయించాలా, అక్కర్లేదా?

గుణుపురం కోడలు:
మాది రాయగడ జిల్లా గుణుపురం, అత్తగారిది పాత పెంకుటిల్లు. నిన్న తెల్లవారుజామున అయిదింటికి కరెంటు పోయి మెలకువ వచ్చి, ఫోన్ లైటు వేసి చూద్దును కదా, దోమతెర లోపలి వైపు, పాప కాళ్ల దగ్గర, ఏదో నల్లగా వేలాడుతోంది. ఎండిన తమలపాకేమో అనుకున్నాను. అది మెల్లగా తల తిప్పింది! చిన్న గబ్బిలం. గోళ్లు తెర కన్నాల్లో చిక్కుకుపోయి ఉన్నాయి. నా కేకకి మావయ్యగారు వచ్చి, భుజం మీది తువ్వాలుతో పట్టి లాగి పెరట్లోకి విసిరేశారు, ఎగిరిపోయింది. పాపకి నాలుగేళ్లు, లేపి అడిగితే "ఏటీ తెలీదు" అంటుంది. ఒళ్లంతా వెతికాం. దోమకాట్లు ఎలాగూ ఉన్నాయి, ఎడమ చీలమండ దగ్గర మాత్రం రెండు ఎర్రటి చుక్కలు పక్కపక్కన ఉన్నాయి. దోమవో దానివో ఎవరు చెప్పగలరు? అత్తగారు శాంతి చేయించాలంటున్నారు, మా ఆయన "గబ్బిలానికి ఇంజక్షనేంటి, నవ్వుతారు" అంటున్నారు. సూటిగా చెప్పండి, వేయించాలా వద్దా?

పెంకుటింటి పెద్దాయన:
తల్లీ, కంగారు పడకు. పర్లాకిమిడిలో మా ఇంటి దూలాల మధ్య మా తాత కాలం నుంచీ గబ్బిలాలున్నాయి. పొద్దున్నే వసారా ఊడిస్తే చేటెడు పెంట వచ్చేది. వాటి కిందే పడుకున్నాం, వాటి కిందే పెళ్లిళ్లయ్యాయి, ఒక్కరికి రేబిస్ రాలేదు. మన దేశంలో రేబిస్ అంటే కుక్క. నీ పాపని రేపు వీధిలో కుక్కపిల్ల గీరితే అప్పుడు పరుగెత్తు, నేనే ఆటో డబ్బులిస్తాను. అమెరికా వాళ్ల భయాలు ఫోన్లో చదివి పసిదానికి నాలుగు సూదులు పొడిపించొద్దు.

ఇల్లినాయిస్ ఇంటావిడ:
బాబాయ్ గారూ, నేనూ పర్లాకిమిడి ఆడపడుచునే, ఇక్కడికొచ్చి పన్నెండేళ్లు. ఇదే రాష్ట్రంలో 2021లో ఎనభై దాటిన ఒకాయన నిద్రలేచేసరికి మెడ మీద గబ్బిలం ఉంది. దాన్ని పట్టి పరీక్ష చేస్తే రేబిస్ అని తేలింది, టీకా వేయించుకోమంటే ఆయన ఒప్పుకోలేదు, నెల తిరిగేసరికి జబ్బు లక్షణాలు మొదలై, తర్వాత పోయాడు. 2024లో కెనడాలో ఒంటారియోలో ఇంకా ఘోరం, అచ్చం మన గుణుపురం చెల్లెలి కథే. పిల్లవాడి గదిలో గబ్బిలం కనపడింది, అమ్మానాన్నలు వెతికితే ఒంటి మీద కాటు గుర్తు లేదు, లేదు కదా అని ఊరుకున్నారు, ఆ పిల్లవాడు దక్కలేదు. అందుకే ఇక్కడ నిద్రపోతున్న మనిషి గదిలోనో, చెప్పలేని పసివాళ్ల దగ్గరో గబ్బిలం కనిపిస్తే కరిచినట్టే లెక్క వేసుకుని మాట్లాడతారు. దాని పళ్లు సూదిమొనలంత ఉంటాయి, మచ్చ కూడా మిగలకపోవచ్చు. చెల్లీ, ఈరోజే తీసుకెళ్లు.

పెంకుటింటి పెద్దాయన:
అమ్మా, అక్కడి గబ్బిలం వేరు, ఇక్కడి గబ్బిలం వేరు. అక్కడ కుక్కలకి టీకాలు వేసేశారు కాబట్టి మనుషులకి అంటించేది ఎక్కువగా గబ్బిలమే. మన వీధిలో ఎన్ని కుక్కలున్నాయో చూసి మాట్లాడు.

బరంపురం బావ:
పెద్దాయన పాయింటు బాగుంది గానీ, "మా ఇంట్లో ఏమీ కాలేదు" అనేది హెల్మెట్ పెట్టుకోని వాళ్లందరూ చెప్పే మాటే. ఏమైనా అయినవాడు వచ్చి ఇక్కడ రాయలేడు కదా.

పశువుల డాక్టరు, కొరాపుట్:
ఇద్దరూ సగం సగం నిజమే చెప్తున్నారు. ముందు పెద్దాయన పక్షాన ఒక మాట, ఆయనకి కూడా తెలిసి ఉండదు: మన దేశపు రేబిస్ మార్గదర్శకాల్లోనే గబ్బిలాల్లో రేబిస్ ఇండియాలో గట్టిగా రుజువు కాలేదు, కాబట్టి గబ్బిలం తగిలితే చికిత్స అక్కర్లేదు అన్న మాట ఉంది. అందుకే చాలామంది డాక్టర్లు నవ్వి పంపేస్తారు. వాళ్లని తప్పు పట్టలేం. ప్రపంచంలో మనిషికి వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్కల వల్లే, ఆ చావుల్లో మూడో వంతు పైగా మన దేశంలోనే అని ఒక అంచనా.

ఇప్పుడు రెండో సగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం గబ్బిలం నేరుగా ఒంటికి తగిలితే దాన్ని మూడో కేటగిరీలో, అంటే కుక్క లోతుగా కరిచిన దానితో సమానంగా పెట్టింది. పక్కనే శ్రీలంకలో పండ్లు తినే పెద్ద గబ్బిలాల్లో రేబిస్‌కి దాయాది వైరస్ ఒకటి దొరికింది, దానికి గన్నోరువ అని అక్కడి ఊరి పేరే పెట్టారు. అదే జాతి గబ్బిలాలు మన చింతచెట్లకీ మర్రిచెట్లకీ తలకిందులుగా వేలాడుతున్నాయి. నాగాలాండ్‌లో పట్టిన కొన్ని గబ్బిలాల రక్తంలో రేబిస్‌ని అడ్డుకునే యాంటీబాడీలు కనిపించాయి. అంటే అవి ఎప్పుడో ఆ కుటుంబపు వైరస్ దేన్నో చూశాయన్నమాట. ఆస్ట్రేలియాలో 1996 దాకా ఇలాంటిదేదీ లేదనే అనుకున్నారు, వెతికితే దొరికింది, మనుషులూ చచ్చిపోయారు. "రుజువు కాలేదు" అంటే "లేదని రుజువైంది" అని కాదు. మనం వెతికింది చాలా తక్కువ.

నా దూడకి ఏం చేస్తానో చెప్పగలను గానీ మీ పాపకి మందు రాసే హక్కు నాకు లేదు. నా సొంత మనవరాలైతే మాత్రం, గది మూల ఎక్కడో గబ్బిలం ఎగిరితే వదిలేస్తాను, తెర లోపల కాళ్ల దగ్గర దొరికితే వేయిస్తాను.

అడవి చుక్క:
నాకు ఈ చర్చలంటే భయం దేనికంటే, రేపు ఊళ్లో వాళ్లంతా కర్రలు పట్టుకుని మర్రిచెట్టు కిందికి చేరతారు. మీ ఇంట్లోకొచ్చే ఆ చిన్న గబ్బిలం పురుగులు తినేది, రాత్రికి వందల్లో తింటుంది. పైకప్పులో గబ్బిలాలుంటే రేబిస్ గాలిలో రాదు, పెంట వల్ల రాదు, గబ్బిలం కొరికి రాల్చిన జామపండు తింటే రాదు. జామపండు గొడవ నిపా వైరస్‌ది, 2018లో కేరళ కోజికోడ్‌లో నిపా వచ్చాక అందరూ రెండూ కలిపేశారు. పెంట ఊడ్చేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, అది వేరే జబ్బులకి. రేబిస్ కావాలంటే కాటు కావాలి, లేదా దాని ఉమ్మి గాయంలోకో కంట్లోకో నోట్లోకో పడాలి.

బరంపురం బావ:
ఓ డౌటు. పట్టుకుని పంజరంలో పది రోజులు చూస్తే సరిపోదా? కుక్కకి అలాగే కదా.

పశువుల డాక్టరు, కొరాపుట్:
పది రోజుల లెక్క కుక్కకీ పిల్లికీ మాత్రమే, గబ్బిలానికి చెల్లదు. దానికి పరీక్ష ఉంది గానీ మెదడు కావాలి, అంటే తల చితక్కుండా, చల్లగా ఉంచి, పెద్ద ల్యాబుకి పంపాలి. గుణుపురం నుంచి అదెలా జరుగుతుందో మీరే ఊహించుకోండి. పైగా వీళ్లది ఎగిరిపోయింది. ఇల్లినాయిస్‌లో అయితే పరీక్ష చేసి "లేదు" అని తేలితే సూదులు ఆపేస్తారు, మనకి ఆ దారి లేదు, అందుకే మన నిర్ణయం వాళ్ల కంటే కష్టం.

జయపురం మందుల కొట్టు:
టీకా విషయం నేను చెప్తా. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం పోయి ఎన్నేళ్లయిందో, ఇంకా అది చెప్పి భయపెడతారు. సర్కారు ఆస్పత్రిలో చర్మంలోకి కొంచెం కొంచెంగా రెండు చోట్ల వేస్తారు, మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి. డబ్బులేం తీసుకోరు. కొట్లో కొని కండకి వేయించుకుంటే 0, 3, 7, 14, 28, అయిదు సూదులు. కాటు ఖాయమైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్, అంటే తయారుగా ఉన్న యాంటీబాడీల మందు, కూడా ఎక్కించాలి, అది దొరకడమే కష్టం. వీటన్నిటికన్నా ముందు సబ్బుతో ధారగా నీళ్లు పోస్తూ పావుగంట కడగాలి. పసుపూ సున్నమూ పూసుకుని మా కొట్టుకొస్తారు, ఒళ్లు మండుతుంది నాకు.

గుణుపురం కోడలు:
వెళ్లొచ్చాం. ఏ ఆస్పత్రో అడక్కండి. పొద్దున తొమ్మిదికి వెళ్తే చీటీ రాసే ఆయన "కుక్కా, పిల్లా, కోతా?" అన్నాడు. నేను "బాదుడి" అని ఒడియాలో చెప్పాను. తల పైకెత్తి చూసి మళ్లీ అడిగాడు, మళ్లీ చెప్పాను, పక్కనున్నావిడ నవ్వింది. ఆ రిజిస్టరులో గబ్బిలానికి గడి లేదు. డాక్టరు చిన్న వయసు అబ్బాయి, మంచివాడే, "రూలు ప్రకారం అక్కర్లేదమ్మా" అన్నాడు. నేను తెర లోపల, కాళ్ల దగ్గర, రెండు చుక్కలు అని చెప్పి పాప కాలు చూపించాను. కాసేపు ఫోన్లో ఏదో చదువుకుని "సరే, వేసేద్దాం, నష్టం లేదు" అన్నాడు. కాటు ఖాయం కాదు కాబట్టి ఆ రెండో మందు వద్దన్నాడు, టీకా చాలన్నాడు. సీసా తెరిస్తే ఆ రోజే వాడెయ్యాలట, ఇంకో ముగ్గురు కుక్కకాటు వాళ్లు వచ్చేదాకా పదకొండున్నర వరకూ బెంచీ మీద కూర్చోబెట్టారు. రిజిస్టరులో ఏం రాశారో తెలుసా? "కుక్క".

పశువుల డాక్టరు, కొరాపుట్:
చూశారా. ఇదే నా బాధ. గబ్బిలం కేసు వచ్చిన రోజున కూడా కాగితం మీద కుక్కే కరుస్తుంది. పదేళ్ల తర్వాత ఎవరో లెక్కలు తీసి "ఈ జిల్లాలో గబ్బిలం తగిలిన కేసు ఒక్కటీ లేదు" అని రాస్తారు, దాన్ని చూపించి మళ్లీ "అక్కర్లేదు" అంటారు.

పెంకుటింటి పెద్దాయన:
డాక్టరు గారూ, గబ్బిలం తగిలినట్టు రాసినంత మాత్రాన దానికి రేబిస్ ఉన్నట్టు అవుతుందా? కాగితంలో గడి పెడితే జబ్బు రుజువైపోదు. ఇంకో మాట. ఆ సీసాలోంచి పాపకి వేసిన మందు నిజంగా కుక్క కరిచిన కూలివాడికి తక్కువ పడితే? మన దగ్గర టీకా అయిపోయింది, రేపు రండి అని పంపేసిన రోజులు నేను చూశాను. మీ మనశ్శాంతి కోసం వాడి సూది వాడుతున్నారు.

జయపురం మందుల కొట్టు:
ఆ బాధ నిజమే మాస్టారూ, నేను కాదనను. గది మూలలో గబ్బిలం కనిపించిన ప్రతివాడూ లైను కడితే కుక్కకాటు వాడికి దక్కదు. కానీ ఇక్కడ జరిగింది మూలలో కాదు కదా, తెర లోపల.

ఇల్లినాయిస్ ఇంటావిడ:
ఇక్కడ ఇదే వైద్యానికి వేల డాలర్ల బిల్లు వస్తుంది, అయినా భయపడి వేయించుకుంటారు. మీకు ఉచితంగా ఉన్నది వద్దంటున్నారు, నాకు అర్థం కాదు.

అడవి చుక్క:
రాత్రి మళ్లీ వస్తే ఎలా అన్నది ఎవరూ చెప్పలేదు. ముందు ఫ్యాన్ ఆపండి, మన ఇళ్లలో సగం గబ్బిలాలు ఫ్యాన్ రెక్కకి తగిలే కింద పడతాయి, కింద పడ్డదాన్ని చేత్తో ఎత్తబోయే మనిషికే ప్రమాదం. ఎవరి ఒంటికీ తగల్లేదని తెలిస్తే ఇంట్లోకి తలుపు మూసి, బయటి కిటికీ తీసి, లోపల లైటు ఆర్పి పది నిమిషాలు వదిలేయండి, దానంతటదే పోతుంది. గోడకి అంటుకుని కూర్చుంటే మందపాటి తోలు చేతితొడుగు వేసుకుని డబ్బా బోర్లించి, కింద అట్ట తోసి బయట పెట్టండి. పలచటి తువ్వాలు పనికిరాదు, పళ్లు దిగుతాయి. పెంకుల కింది కన్నాలు సందె వేళ అన్నీ బయటికి పోయాక మూయండి, లోపల పిల్లలున్న రోజుల్లో మాత్రం వద్దు, అక్కడే చచ్చి కంపు కొడతాయి.

గుణుపురం కోడలు:
మూడో రోజు డోసు కూడా అయింది, పాప బాగుంది, జబ్బ చూపించి చాక్లెట్లు వసూలు చేస్తోంది. కానీ తువ్వాలు పనికిరాదన్న ముక్క చదివాక ఇంకోటి బయటపడింది. మావయ్యగారిని చెయ్యి చూపించమన్నాను. కుడి చూపుడువేలు గోరు పక్కన చిన్న గాటు ఉంది, చెక్కు కట్టింది. ఎప్పుడైందంటే "తెర లాగినప్పుడు కుట్టింది కాబోలు" అంటున్నారు. ఆస్పత్రికి రమ్మంటే రారు. పెద్దాయన గారు రాసిందే నాలుగుసార్లు చదివించుకుని "చూశావా, పర్లాకిమిడి ఆయనకి తెలుసు" అంటున్నారు.

పెంకుటింటి పెద్దాయన:
వేలికి గాటు ఉందన్న మాట ముందే రాయాలి కదమ్మా! నేను దూలం మీది గబ్బిలం గురించి చెప్పాను, చేతిలో కొరికిన గబ్బిలం గురించి కాదు. రేపు పొద్దున్నే తీసుకెళ్లు, ఆ రెండో మందు సంగతి కూడా అడుగు. రానంటే ఫోన్ కలుపు, నేనే మాట్లాడతాను. చీటీలో గబ్బిలం అనే రాయించు.