మైక్రోఎమల్షన్ ఎంట్రోపీలో గడి కొలత ఎవరిష్టం వాళ్లదేనా?

తరమణి తమ్ముడు
చెన్నైలో కొలాయిడ్ల (ద్రవంలో తేలే అతి సన్న రేణువుల) మీద పనిచేసే మనవాళ్లకి ఒక ప్రశ్న. నిన్న మా గ్రూప్ మీటింగులో "మిశ్రమ ఎంట్రోపీకి ఏ సూత్రమైనా ఒకటే, ఫిట్ కుదిరితే చాలు" అన్నారు. మిశ్రమ ఎంట్రోపీ అంటే బిందువులు ద్రవంలో ఎన్ని రకాలుగా సర్దుకోగలవో చెప్పే కొలత; ద్రవాన్ని ఊహా గడులుగా కోసి దాన్ని లెక్కిస్తాం. ఆ మాట నాకు మింగుడు పడలేదు. రాత్రి వేళచ్చేరి రూముకొచ్చి లెక్క వేశాను.

మా సీసాలో ఐసోఆక్టేన్ (నూనె), ఏఓటీ (బిందువుల చుట్టూ పొర కట్టే సబ్బులాంటి పదార్థం), నీళ్లు ఉంటాయి. నూనెలో నానోమీటర్ల సైజు నీటి బిందువులు తేలే ఈ మిశ్రమమే మైక్రోఎమల్షన్. నీళ్లు పడగానే పాలలా తెల్లబడుతుంది. కాసేపు ఊపితే తేటపడుతుంది, లేజర్ కొడితే ఎర్రటి సన్న గీత తప్ప ఏమీ కనబడదు. బిందువు వ్యాసార్థం 5 నానోమీటర్లు, మొత్తంలో బిందువుల వాటా పదోవంతు అనుకోండి. ద్రవాన్ని బిందువంత గడులుగా కోసి లెక్కిస్తే ఒక్కో బిందువుకి ఎంట్రోపీ 3.25 బోల్ట్జ్‌మన్ స్థిరాంకాలు (ఎంట్రోపీని కొలిచే ప్రమాణం) వస్తుంది. ఓవర్‌బీక్ అనే కొలాయిడ్ శాస్త్రవేత్త 1978లో చేసినట్టు గట్టి గోళాల సూత్రం (బిందువుల్ని ఒకదాన్లో ఒకటి దూరని బంతులుగా చూసేది) తీసుకుని, గడిని ఒక్క ఐసోఆక్టేన్ అణువంత చేస్తే 10.4. మూడు రెట్లు! ఒకటేనని ఎలా అంటాం?

అడయార్ అక్క
తమ్ముడూ, ఆ తేడాలో ఎక్కువ భాగం బిందువుల సంఖ్యకి గుణకంగా వచ్చే స్థిర పదమే. ఘనపరిమాణంతో అవకలనం చేస్తే అది మాయమవుతుంది. బిందువుల వల్ల ద్రవంలో వచ్చే ఆస్మాటిక్ పీడనం మారదు. ఇరవై ఏళ్లుగా కాంతి పరిక్షేపణం (బిందువుల మీద పడి కాంతి చెదరడం) కొలుస్తున్నాను, గడి సైజు నాకెప్పుడూ అడ్డం రాలేదు.

తరమణి తమ్ముడు
అక్కా, పెయింటు డబ్బాలో ఆ మాట నిజం, అక్కడ రేణువుల సంఖ్య మారదు. ఇక్కడ బిందువులు కలుస్తాయి, విడిపోతాయి, సంఖ్యని తామే తేల్చుకుంటాయి. సంఖ్య చలరాశి అయినప్పుడు దాని పక్కన ఉన్న పదాన్ని పారేయలేం కదా.

అడయార్ అక్క
నీళ్లు, ఏఓటీ ఎంత పోశావో తెలిస్తే సగటు వ్యాసార్థం అక్కడే తేలిపోతుంది. నీటి ఘనపరిమాణానికి మూడు రెట్లు, దాన్ని ఏఓటీ కప్పే వైశాల్యంతో భాగిస్తే సరి. ఎంట్రోపీకి అందులో పనేముంది?

తరమణి తమ్ముడు
ఒప్పుకుంటాను, ఇది నేను ముందే ఆలోచించాల్సింది. కానీ నీళ్లు ఎక్కువై అడుగున విడిగా మిగిలిన సీసా తీసుకోండి. అక్కడి అంతరతల తన్యతలో (నీళ్లకీ నూనెకీ మధ్య హద్దు బిగువులో) రెండు వాటాలు: ఏఓటీ పొరని వంచే శక్తి, ఎంట్రోపీ. కొలిచిన తన్యత ఒక్కటే. గడి మార్చితే దాంట్లోంచి తీసే పొర గట్టిదనం 0.57 కేటీ (బోల్ట్జ్‌మన్ స్థిరాంకం, ఉష్ణోగ్రతల లబ్ధం) జరుగుతుంది. ఇలాంటి మెత్తటి పొరల గట్టిదనమే కేటీ చుట్టుపక్కల ఉంటుంది!

గిండీ అన్న
నేనూ పదేళ్ల కింద ఇదే గొడవ పడ్డాను. తన్యత నుంచి ఒకటి, న్యూట్రాన్ పరిక్షేపణంలో కనిపించే సైజుల చెదురు నుంచి ఒకటి, రెండు దారుల్లో గట్టిదనం తీస్తే సరిపోలింది. అందుకే నా సూత్రం కరెక్టనుకున్నాను. తర్వాత కాగితం మీద రెండు సమీకరణాలూ పక్కపక్కన రాసి చూస్తే గుండె జారింది. రెండింట్లోనూ అదే గట్టిదనం, అదే ఎంట్రోపీ పదం, అదే నిష్పత్తిలో కలిసి ఉన్నాయి. ఒకదాన్ని రెండోదాంట్లో పెడితే ఎంట్రోపీ పూర్తిగా ఎగిరిపోతుంది. గడి ఎంత పెట్టినా రెండు దారులూ సరిపోలతాయి. ఆ సరిపోలిక దేనికీ సాక్ష్యం కాదు.

1975లోనే రైస్ అనే శాస్త్రవేత్త ఈ గడి చిక్కుని పట్టుకున్నాడు. బిందువు కూడా అణువుల గుంపే. దాని ద్రవ్యరాశి కేంద్రం ఊగిసలాటని లోపలి శక్తిలో ఒకసారి, కలయిక ఎంట్రోపీలో మళ్లీ ఒకసారి లెక్కేయకూడదు. గడి కొలత ఆ ఊగిసలాట నుంచే రావాలి, మన సౌలభ్యం నుంచి కాదు.

అడయార్ అక్క
అన్నా, ఆ రెండు సమీకరణాలూ ఇప్పుడే రాసి చూశాను, నిజమే. పీడనం విషయంలో నా మాట మీదే ఉన్నాను. కానీ మా పాత పేపర్ల పట్టికల్లో గట్టిదనం పక్కన గడి కొలత ఎక్కడా లేదు. రేపటి డ్రాఫ్టులో ఆ కాలమ్ పెడుతున్నాను. తమ్ముడూ, నీ లెక్క నాకు పంపు.