నేషనల్స్ ఆడనివాడు బాస్కెట్‌బాల్ కోచ్ అవ్వగలడా?

పాలకొల్లు పాయింట్ గార్డ్:
నమస్కారమండి. నాకు 23 ఏళ్లు, డిగ్రీ అయింది, కాలేజీ టీమ్‌లో ఆడి ఒకసారి ఇంటర్ యూనివర్సిటీకి కూడా వెళ్లొచ్చాను. ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో సాయంత్రం పూట పిల్లలకు నేర్పిస్తున్నాను, జీతం ఎంతో చెప్పాలంటే సిగ్గేస్తుంది, అదీ రెండు నెలలకోసారి. వాన పడిందంటే సిమెంటు కోర్టు మీద నిలిచిన నీళ్లు గోనెసంచులతో నేనూ పిల్లలూ తుడుచుకుని అప్పుడు ఆడుకోవాలి. మా నాన్నేమో "రొయ్యల చెరువు చూసుకోరా, బంతి కూడు పెడుతుందా" అంటారు. నా ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలే. ఇదే వృత్తిగా బతకాలంటే ఎటు వెళ్లాలి?

కాకినాడ పీడీ:
తమ్ముడూ, ముందు నీకేం కావాలో తేల్చుకో, చాలామంది ఇక్కడే రెండు మూడేళ్లు పోగొట్టుకుంటారు. బడిలో వ్యాయామం మాస్టారు కావాలంటే వ్యాయామ విద్యలో డిగ్రీ బి.పి.ఎడ్., తర్వాత డీఎస్సీ. కాలేజీ పీడీకి, అంటే ఫిజికల్ డైరెక్టర్‌కి, అందులోనే పీజీ ఎం.పి.ఎడ్. కోచ్ అనిపించుకోవాలంటే మాత్రం పటియాలాలో కోచ్‌లను తయారుచేసే జాతీయ క్రీడా సంస్థ ఎన్‌ఐఎస్ డిప్లొమా, ఏడాది కోర్సు. కోచ్ పోస్టులు పడినప్పుడు ఎక్కువగా అడిగేది ఆ కాగితమే. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది గానీ అది డిప్లొమాతో సమానం కాదు, రెండూ ఒకటేనని ఎవరైనా చెబితే నమ్మకు. ఇంటర్ యూనివర్సిటీ సర్టిఫికెట్ జాగ్రత్త, నేను నాది గోదారి వరదల్లో పోగొట్టుకుని డూప్లికేట్ కోసం ఆర్నెల్లు తిరిగాను.

రాత్రి మ్యాచ్‌లు:
ఎత్తు గొడవ వదిలెయ్ బ్రో. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో మయామీ హీట్ అనే టీమ్ ఉంది, దాని కోచ్ ఎరిక్ స్పోల్‌స్ట్రా ఆ లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. జర్మనీలో ఒక చిన్న క్లబ్బులో ఆడుతూనే కోచింగ్ చేసి, 1995లో హీట్ వీడియో గదిలో చేరాడు, పని ఏంటంటే మ్యాచ్ టేపులు చూసి కోచ్‌లకు కావాల్సిన ముక్కలు తీసివ్వడం. 2008లో హెడ్ కోచ్ అయ్యాడు, 2012, 2013 వరసగా టైటిళ్లు. అంటే వీడియో గది నుంచి హెడ్ కోచ్ కుర్చీకి పదమూడేళ్లు! ఫోన్ నీ దగ్గరా ఉందిగా, మీ పిల్లల మ్యాచ్ తీసి చూడు.

భీమవరం స్కోరర్:
పై ఇద్దరూ చెప్పనిది ఒకటి చెబుతానండి, స్కోర్‌షీట్ రాయడం నేర్చుకోండి. మా వైపు టోర్నమెంట్లలో టేబుల్ దగ్గర కూర్చునే మనుషులు ఎప్పుడూ తక్కువే, వస్తానంటే కాదనరు. ఒకటీ మూడూ క్వార్టర్లు ఎర్ర పెన్ను, రెండూ నాలుగూ నీలం. తెలీక నా మొదటి మ్యాచంతా నీలంతోనే లాగించేసి రిఫరీ చేత చీవాట్లు తిన్నాను. కానీ అక్కడ కూర్చుంటే ఫస్టాఫ్‌లో ఉన్న రెండు టైమవుట్లనీ ఏ కోచ్ ఎక్కడ తగలేస్తున్నాడో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది, నలుగురు కోచ్‌లతో పరిచయమూ అవుతుంది.

పాలకొల్లు పాయింట్ గార్డ్:
చాలా థ్యాంక్సండి. నాన్న కొంచెం మెత్తబడ్డారు, ఈ పంట పట్టుబడి అయ్యాక పటియాలా సంగతి చూద్దాం అన్నారు. నిన్న ఫోన్‌ని షటిల్ పోల్‌కి కట్టి మ్యాచ్ తీశాను. షూటింగ్ బాలేక ఓడిపోతున్నాం అనుకునేవాణ్ణి, తీరా చూస్తే రీబౌండ్ దగ్గర, అంటే బుట్టలో పడక తిరిగొచ్చే బంతి దగ్గర, ఒక్కడూ అవతలివాణ్ణి ఒంటితో అడ్డుకుని బాక్సవుట్ చెయ్యట్లేదు, అందరూ బంతి వైపు నోరు తెరుచుకుని చూస్తున్నారు. నేనే వాళ్లకి ఎప్పుడూ నేర్పలేదు.