బార్బెక్యూ షెడ్డు ఇంటికి ఆనించి వెయ్యాలా, విడిగా కట్టాలా?

ఫ్రిస్కో కొత్తిల్లు:
అందరికీ నమస్తే. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో కిందటేడు ఇల్లు తీసుకున్నాం. పెరట్లో గ్రిల్లు, స్మోకర్ (మాంసాన్ని గంటల తరబడి పొగలో ఉడికించే పొయ్యి) పెట్టుకోడానికి పైకప్పు వేయిద్దామనుకుంటున్నా, జూలై ఆగస్టుల్లో వంద డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో నిలబడి చికెన్ తిప్పడం ఇక నా వల్ల కాదు. ఒక కాంట్రాక్టర్ ఇంటి చూరుకే కలిపి సీడర్ చెక్కతో 16 అడుగులు 12 అడుగులు కప్పు వేసేద్దాం అంటున్నాడు, ఇంకొకాయన కంచె వైపు విడిగా కట్టుకోమంటున్నాడు. విడిగా అంటే కింద కాంక్రీటు స్లాబ్, కరెంట్ లైన్ అన్నీ ఎక్స్‌ట్రా. మా ఆవిడకేమో వంటింటి తలుపు తీస్తే ఎదురుగా ఉండాలి. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ప్లానో వంటగాడు:
ఆనించే వేయించు తమ్ముడూ. మాకు నాలుగేళ్ళైంది, ఏ ఇబ్బందీ లేదు. వానొచ్చినా ట్రేలు పట్టుకుని తడవక్కర్లేదు, పిల్లలు కళ్ళ ముందే ఉంటారు, ఫ్యాన్ కింద పదిమంది కూర్చోవచ్చు. పెరడు చివర కట్టినవాళ్ళని చూశా, మొదటి ఆర్నెల్లు వెళ్తారు, తర్వాత అందులో లాన్ మూవర్ పెడతారు.

నల్లరేగడి:
తమ్ముడూ, నేను రెండూ చేశాను కాబట్టి చెప్తున్నా, విడిగా కట్టు. పాత ఇంట్లో ఆనించే వేయించాం. పైన అందంగా ఉంటుందని పైన్ చెక్క పలకలు కొట్టించాం. మొదటి ఎండాకాలం అయ్యేసరికి గ్రిల్లుకి సరిగ్గా పైన పెద్ద పళ్ళెం అంత మేర పలకలు గోధుమరంగు తిరిగాయి, స్టూలెక్కి వేలితో రాస్తే జిడ్డు, చెక్క ముడుల దగ్గర బంక కరిగి బొట్లు కట్టి ఉంది. చెక్క అలా పదే పదే వేడెక్కుతుంటే రాను రాను తక్కువ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది, ఒక్కరోజులో జరిగేది కాదు కాబట్టి మనకి తెలీదు. చాలా గ్రిల్లుల మాన్యువల్‌లోనే కాలే గుణమున్న కప్పు కింద వాడొద్దని రాసి ఉంటుంది, నేను మంట తర్వాత కాదుగానీ మరక చూశాకే చదివాను.

ఇంకోటి పొగ. ఇక్కడి ఇళ్ళకి చూరు కింద చిల్లుల పలకలుంటాయి కదా, అటకకి గాలాడటానికి. బ్రిస్కెట్ (గొడ్డు ఛాతీ మాంసం) స్మోకర్‌లో పన్నెండు గంటలు పెడితే ఆ పొగంతా వాటిల్లోంచి అటకెక్కింది, మా ఏసీ యూనిట్టూ అటక మీదే, డక్టుల్లో ఎక్కడ సందుందో ఇల్లంతా పట్టేసింది. అప్పుడు అమ్మ ఊర్నుంచి వచ్చి ఉంది. మర్నాడు శనివారం, దీపం పెడదామని దేవుడి గది తలుపు తీసి, ఒత్తులు చేతిలోనే పట్టుకుని వెనక్కొచ్చేసింది. ఒక్క మాట అనలేదు. నాకు ఇప్పటికీ బాధే.

మన ఊళ్ళల్లో తాటాకిళ్ళున్నప్పుడు వంటపాక విడిగా ఎందుకు వేసేవాళ్ళు? నిప్పురవ్వ లేస్తే పాక పోయినా ఇల్లు మిగలాలని. ఇక్కడా అదే లెక్క.

ప్లానో వంటగాడు:
అన్నా, మీకు జరిగింది చెక్క వల్ల, స్మోకర్ వల్ల. నాది గ్యాస్ గ్రిల్లు, పైన పొగ లాగే హుడ్ పెట్టించా. అయినా కాలే గుణమున్న గోడలకి పది అడుగుల లోపు గ్రిల్లు వాడొద్దనే ఫైర్ కోడ్ రూలు అపార్ట్‌మెంట్లకే, సొంత ఇళ్ళకి మినహాయింపు ఉంది.

నల్లరేగడి:
మినహాయింపు ఉన్నమాట నిజమే, కానీ మంటకి ఆ సంగతి తెలీదు కదండీ. గ్రిల్లుని ఇంటికి దూరంగా, చూరు కింద కాకుండా పెట్టమని ఎన్‌ఎఫ్‌పీఏ (అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ సంస్థ) వాళ్ళు అందరికీ చెప్తారు, ఇళ్ళ దగ్గర గ్రిల్లు మంటల్లో ఎక్కువభాగం గ్యాస్ గ్రిల్లులవే. హుడ్ మంచిదే, అయితే బయట గాలికి పొగ పక్కకి పోతుంది కాబట్టి 1200 సీఎఫ్ఎమ్ (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి లాగే) స్థాయిది కావాలి, గ్రిల్లు కంటే రెండువైపులా వెడల్పుండాలి, ఆ ఖర్చులో సగం స్లాబ్ వచ్చేస్తుంది. ఒప్పుకునేదేంటంటే గ్యాస్ మాత్రమే వాడుతూ, గ్రిల్లుని కప్పు అంచు దాటించి బయట పెట్టి వండేవాళ్ళకి ఆనించిన కప్పు కింద కూర్చోడానికి హాయిగానే ఉంటుంది. ఈ తమ్ముడు స్మోకర్ అన్నాడు, అక్కడే తేడా.

ఆస్టిన్ అక్క:
ఒక్క మాట. ఎక్కడ కట్టినా నాలుగువైపులా మూసెయ్యకండి. చలికాలం గాలేస్తోందని టార్పాలిన్లు కట్టి లోపల బొగ్గులు రాజేస్తారు, వానొస్తే గ్రిల్లుని గరాజ్‌లోకి లాగుతారు. బొగ్గు ఆరినట్టు కనిపించినా బూడిద కింద కణకణలాడుతూ కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు.

నల్లరేగడి:
అక్క చెప్పింది బంగారం. నడుమెత్తు గోడ కట్టి సిలిండర్ లోపల పెట్టేవాళ్ళు కూడా కింద గాలి కన్నాలు వదలాలి. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే నేలమీదే మడుగులా నిలబడుతుంది.

ఫ్రిస్కో కొత్తిల్లు:
మా ఆవిడకి ఈ థ్రెడ్డంతా చదివి వినిపించా. దేవుడి గది సంగతి విన్నాక తనే విడిగా కడదాం అంది. తలుపు నుంచి 14 అడుగుల దూరంలో చోటుంది. పర్మిట్, పునాది సంగతేంటన్నా?

నల్లరేగడి:
మోడల్ కోడ్‌లో (ఊళ్ళన్నీ నమూనాగా తీసుకునే ఇళ్ళ నిర్మాణ నియమావళి) 200 చదరపు అడుగుల లోపు విడి షెడ్డుకి పర్మిట్ అక్కర్లేదని ఉంది గానీ ఊరూరికీ మార్చుకుంటారు, సిటీకి ఒక ఫోన్ కొట్టు, కరెంటు గ్యాసులకి ఎలాగూ వేరే తీసుకోవాలి, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) ఉంటే వాళ్ళ అనుమతి ముందే రాతలో తీసుకో. పునాది మాత్రం తేలిగ్గా తీసుకోకు. డాలస్ చుట్టూ మట్టి అచ్చం మన గుంటూరు నల్లరేగడే, వానకి ఉబ్బుతుంది, ఎండకి చెయ్యి పట్టేంత బీట తీస్తుంది. పలచటి స్లాబ్ పోసి దానిమీదే స్తంభాలు నిలబెడితే రెండేళ్ళకి ఒక మూల దిగిపోతుంది, స్తంభాల కింద లోతుగా పియర్లు (భూమిలోకి దింపే కాంక్రీటు దిమ్మెలు) దింపించు. చెక్క స్తంభం కాంక్రీటుకి తగలకుండా ఇనప బేస్ మీద నిలబెట్టాలి, కప్పుకి రేకు వేయించు, గాలికి లేచిపోకుండా దూలాలకి పట్టీలు కొట్టించు. స్లాబ్ పోసే ముందే కరెంటుకొకటి, గ్యాస్‌కొకటి ఖాళీ పైపులు కింద వేయించేయ్, ఇప్పుడు అక్కర్లేదనిపించినా సరే. నేనది మర్చిపోయి కొత్త స్లాబ్‌ని కోయించాల్సొచ్చింది.